లాప్‌టాప్‌లో ఎక్స్‌పాన్షన్ కార్డులు: బయటి స్లాట్‌కు ఉన్న రక్షణ లోపలి స్లాట్‌కు ఎందుకు లేదు?

క్లుప్తంగా: లాప్‌టాప్‌కు కలిపే కార్డులు రెండు రకాలు. పక్కనున్న సందులోంచి చేత్తో పెట్టి తీసేవి కొన్ని, అడుగు మూత విప్పి స్క్రూతో బిగించేవి కొన్ని. మొదటి రకానికి మిషన్ ఆన్‌లో ఉండగా తీసినా తట్టుకునే ఏర్పాట్లు స్లాట్‌లోనే ఉంటాయి. రెండో రకానికి ఆ ఏర్పాట్లు దాదాపు ఉండవు, అక్కడ జాగ్రత్తంతా బిగించే మనిషిదే. కార్డు పాడవడం, బోర్డు షార్ట్ కావడం, వేడికి వేగం పడిపోవడం, డేటా పోవడం, బయటి కార్డు ద్వారా మెమరీలోకి చొరబాటు జరగడం... వీటిలో ఒక్కోదాని వెనుక ఒక్కో కారణం ఉంది. కారణం తెలిస్తే జాగ్రత్త దానంతట అదే అర్థమవుతుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఉన్న లాప్‌టాప్‌కే కొత్త ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చిప్‌ల డిస్కు), కొత్త వైఫై కార్డు వేసుకుని ఇంకొన్నేళ్లు నడుపుకోవాలా, కొత్తది కొనాలా? మొదటి దారి ఎంచుకున్నవాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట బిగించుకుంటారు, లేదా ఆన్‌లైన్‌లో కార్డు తెప్పించుకుని వీడియో చూస్తూ ఇంట్లోనే మూత విప్పుతారు. పని పది నిమిషాలదే. కానీ వీడియోలో ఏ స్క్రూ ఎక్కడుందో చూపిస్తారు తప్ప, ఏది ఎందుకు చేయకూడదో చెప్పేది తక్కువ.

## చేత్తో తీసి పెట్టడానికే పుట్టిన కార్డు

లాప్‌టాప్ కార్డులకు ఉమ్మడి ప్రమాణం తేవడానికి 1989లో పీసీఎంసీఐఏ అనే సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది మొదటి ప్రమాణం వచ్చింది. క్రెడిట్ కార్డు అంత పొడవు వెడల్పు, 68 పిన్నులు. మందాన్ని బట్టి 3.3, 5, 10.5 మిల్లీమీటర్ల మూడు రకాలు. మోడెమ్, నెట్‌వర్క్, మెమరీ, అన్నీ ఈ రూపంలోనే వచ్చేవి. 1995లో 32 బిట్ల కార్డ్‌బస్, 2003లో ఎక్స్‌ప్రెస్‌కార్డ్ దాని స్థానంలోకి వచ్చాయి.

ఆ పాత స్లాట్ లోపలి పిన్నులను పరిశీలిస్తే అన్నీ ఒకే పొడవు లేవని తెలుస్తుంది. కరెంటు, గ్రౌండ్ పిన్నులు అన్నిటికన్నా పొడుగు. సమాచారం మోసేవి కొంచెం పొట్టి. కార్డు వచ్చిందని చెప్పే పిన్నులు అన్నిటికన్నా పొట్టి. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు ముందు గ్రౌండ్ కలుస్తుంది, తర్వాత సిగ్నల్ తీగలు, చివరికి ‘కార్డు వచ్చింది’ అన్న కబురు. ఆ కబురు అందాకే కంట్రోలర్ స్లాట్‌కు కరెంటు వదులుతుంది. తీసేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది: ముందు కబురు తెగుతుంది, కరెంటు తీగ అన్నిటికన్నా ఆఖరున విడిపోతుంది. కార్డుకు 5 వోల్టులు కావాలా, 3.3 వోల్టులు చాలా అని అడిగి తెలుసుకునే పిన్నులు కూడా వేరే ఉన్నాయి. 3.3 వోల్టుల కార్డ్‌బస్ కార్డు, 5 వోల్టులే ఇచ్చే పాత స్లాట్‌లోకి అసలు దూరకుండా అంచునే వేరే ఆకారంలో చేశారు.

అంటే వాడేవాడు పొరపాటు చేస్తాడనే ముందే ఊహించి, ఆ పొరపాటును ఇనుములోనే ఆపారు. ఈ ఆలోచనే తర్వాత యూఎస్‌బీకీ వర్తించింది. 2021లో ఫ్రేమ్‌వర్క్ కంపెనీ తెచ్చిన లాప్‌టాప్‌లో పోర్టులన్నీ మార్చుకునే చిన్న కార్డులే. వాటి వెనుక ఉన్నది మామూలు యూఎస్‌బీ-సీ కనెక్టర్. అందుకే మిషన్ నడుస్తుండగా హెచ్‌డీఎంఐ కార్డు లాగేసి యూఎస్‌బీ కార్డు పెట్టినా ఏమీ కాదు. యూఎస్‌బీ-సీ కనెక్టర్‌ను 10,000 సార్లు పెట్టి తీసేందుకు తగ్గట్టు తయారుచేస్తారు.

## లోపలి స్లాట్: అర మిల్లీమీటరు దూరం

ఇప్పటి లాప్‌టాప్‌లో అసలైన ఎక్స్‌పాన్షన్ స్లాట్ పేరు ఎం.2. ఎస్ఎస్‌డీ, వైఫై, సిమ్ మోడెమ్ కార్డులు ఇందులోనే కూర్చుంటాయి. వెడల్పు సాధారణంగా 22 మిల్లీమీటర్లు. పొడవును బట్టి 2230, 2242, 2280 అని పిలుస్తారు. మొదటి రెండంకెలు వెడల్పు, మిగతావి పొడవు.

ఈ అంచున 75 పిన్నులకు చోటుంటుంది. ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు. కార్డును కొంచెం ఏటవాలుగా లోపలికి తోసి, ఆపై కిందికి వంచి స్క్రూ బిగించాలి. పక్కకు కాస్త ఒరిగినా ఒక పిన్ను రెండు తీగలను తాకుతుంది. స్లాట్‌లో కరెంటు లేకపోతే దాని వల్ల నష్టం ఏమీ లేదు, సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. 3.3 వోల్టుల తీగ బతికి ఉంటే మాత్రం, ఆ కరెంటు అంతకన్నా తక్కువ వోల్టేజీకి తయారైన సిగ్నల్ తీగలోకి వెళ్తుంది. పోయేది కార్డు ఒక్కటే అయితే అదృష్టం. మదర్‌బోర్డు మీది చిప్ పోతే ఖర్చు లాప్‌టాప్ ధరతో పోటీ పడుతుంది.

మామూలు లాప్‌టాప్‌లోని ఎం.2 స్లాట్ మిషన్ ఆన్‌లో ఉండగా పెట్టి తీయడానికి ఉద్దేశించింది కాదు. పదేపదే మార్చడానికీ కాదు. ఈ కనెక్టర్లను కొన్ని పదుల సార్లు పెట్టి తీసే లెక్కలోనే చేస్తారు. వైఫై కార్డు మీద నొక్కి పెట్టే గుండ్రటి యాంటెన్నా కనెక్టర్లు ఇంకా సున్నితం. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒక రకానికి తయారీదారు ఇచ్చే హామీ 30 సార్లే. తీగ పట్టుకుని లాగితే మొదటిసారే ఊడి వస్తుంది. కనెక్టర్ పక్క నుంచి ప్లాస్టిక్ పరికరంతో నిటారుగా పైకి లేపాలి. పెట్టేటప్పుడు సరిగ్గా మధ్యలో ఆనించి, ‘టిక్’ మన్నాక ఆపాలి.

కొన్ని లాప్‌టాప్‌లకు బయటి గ్రాఫిక్స్ కార్డు కోసం ఇచ్చే ఓక్యూలింక్ పోర్టు ఈ రెండు రకాల మధ్య ఇరుక్కున్న కేసు. పోర్టు బయటే ఉంటుంది, కానీ అక్కడ నడిచేది కార్డులను ప్రాసెసర్‌కు కలిపే లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీగే. దాన్ని యూఎస్‌బీలా ఎప్పుడంటే అప్పుడు లాగకూడదు, షట్‌డౌన్ చేశాకే.

## షట్‌డౌన్ చేసినా ఆగని కరెంటు

‘షట్‌డౌన్ చేశాను కదా’ అనే నమ్మకం దగ్గరే ఎక్కువ బోర్డులు పోతాయి. పవర్ బటన్ నొక్కగానే మేల్కోవాలంటే లాప్‌టాప్ లోపల ఎప్పుడూ కొంత కరెంటు ఉండాలి. బ్యాటరీ కలిపి ఉన్నంతకాలం బోర్డు మీద కొన్ని 3.3, 5 వోల్టుల దారులు బతికే ఉంటాయి. పాత లాప్‌టాప్‌లలో అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి వచ్చేది, సమస్య అక్కడితో తీరేది. ఇప్పుడు బ్యాటరీ మూత లోపలే స్క్రూలతో బిగించి ఉంటోంది.

దీనికి తోడు విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ పూర్తిగా ముగియదు. కెర్నల్ (విండోస్ మూలభాగం) స్థితిని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది. ఆ దశలో డిస్కు తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టి ఫైళ్లు మారిస్తే, తిరిగి పెట్టినప్పుడు పాత లెక్క కొత్త లెక్కకు పొసగక ఫైల్ సిస్టమ్ చెడిపోవచ్చు.

అందుకే వరుస ఇలా ఉండాలి. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి, అప్పుడు పూర్తి షట్‌డౌన్ అవుతుంది. చార్జర్ తీయాలి. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) లోపలి బ్యాటరీని తాత్కాలికంగా ఆపే ఆప్షన్ ఉంటుంది, ఉంటే వాడాలి. మూత విప్పగానే మొదట చేయాల్సిన పని బ్యాటరీ కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీయడం. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన కరెంటూ ఖాళీ అవుతుంది. స్క్రూడ్రైవర్ ఏ కార్డు మీదికైనా వెళ్లేది ఇవన్నీ అయ్యాకే.

## చేతికి తెలియని షాక్

స్థిర విద్యుత్ గురించి రెండు అతివాదాలు వినిపిస్తాయి. రిస్ట్ స్ట్రాప్ (ఒంటి మీది చార్జ్‌ను ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ) లేకుండా ముట్టుకుంటే కార్డు చచ్చిపోతుందని కొందరు, అదంతా కట్టుకథ అని కొందరు. అసలు సంగతి వోల్టేజీలో ఉంది. డోర్ హ్యాండిల్ ముట్టుకుంటే ‘చుర్రు’ మనడం మనిషికి తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్‌లు దెబ్బతినడానికి కొన్ని వందల వోల్టులు చాలు. అంటే చేతికి ఏమీ తెలియకుండానే నష్టం జరిగిపోవచ్చు. ఆ నష్టం వెంటనే బయటపడకపోవచ్చు కూడా. లోపలి పొర బలహీనపడి నెలల తర్వాత కార్డు మొరాయిస్తే, దాన్ని ఆ రోజు ముట్టుకోవడంతో ఎవరూ ముడిపెట్టరు.

గాలిలో తేమ ఉంటే ఈ చార్జ్ త్వరగా కారిపోతుంది. విశాఖలో ఉక్కపోత రోజున ఉండే ముప్పు, హైదరాబాద్‌లో జనవరి పొడిగాలిలో, ఏసీ గదిలో, సింథటిక్ బట్టలతో కూర్చున్నప్పుడు ఉండే ముప్పు ఒకటి కావు.

ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన ఇంకో చిక్కుంది. చార్జింగ్ పెట్టిన మెటల్ బాడీ లాప్‌టాప్ మీద వేలు మెల్లగా రాస్తే జిల్లుమన్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. చార్జర్ లోపల అంతరాయాలను అణచడానికి పెట్టిన కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు బాడీలోకి చేరుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉండి, చార్జర్‌కు మూడో పిన్ను ఉంటే అది భూమిలోకి పోతుంది. చాలా పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనుక ఎర్త్ వైరే ఉండదు. ఆ కొద్ది కరెంటు మనిషికి ప్రమాదం కాకపోవచ్చు. కానీ చార్జర్ తగిలించి ఉండగా ఒక చేత్తో బోర్డును, ఇంకో చేత్తో కార్డు పిన్నులను ముట్టుకుంటే దాని దారి చిప్ గుండానే. అలాంటి సాకెట్‌కు రిస్ట్ స్ట్రాప్ తగిలించినా ఉపయోగం శూన్యం.

కావాల్సింది భూమితో సంబంధం కన్నా ముందు, చెయ్యి, కార్డు, లాప్‌టాప్ మూడూ ఒకే పొటెన్షియల్‌లో (ఒకే వోల్టేజీ స్థాయిలో) ఉండడం. చార్జర్ తీసేసి, లాప్‌టాప్ లోపలి మెటల్ ఫ్రేమ్‌ను ఒక చేత్తో పట్టుకుని, కార్డు ఉన్న యాంటీ స్టాటిక్ కవరును అదే ఫ్రేముకు ఆనించి, ఆ తర్వాత కార్డు బయటికి తీస్తే ఆ పని జరిగిపోతుంది. కార్డును అంచులు పట్టుకునే ఎత్తాలి, బంగారు రంగు పిన్నులను ముట్టకూడదు. వెండి రంగు యాంటీ స్టాటిక్ కవరు పైభాగం కరెంటును కొంత పోనిస్తుంది కాబట్టి, నడుస్తున్న బోర్డును దాని మీద పెట్టకూడదు.

## దూరింది, కానీ పనిచేయలేదు

ఎం.2 స్లాట్‌లో గాడి ఉన్న చోటును బట్టి ఎ, బి, ఇ, ఎం అని ‘కీ’లు ఉన్నాయి. తప్పు కార్డు దూరకుండా ఆపడం వాటి పని. ఎస్ఎస్‌డీలకు ఎక్కువగా ఎం, వైఫైకి ఎ లేదా ఇ. కీ కలవకపోతే బలవంతం చేయకూడదన్నది తేలికగా అర్థమయ్యే నియమం. చిక్కంతా కీ కలిసినా పనిచేయని సందర్భాల్లో ఉంది. ఆకారం ఒకటైనంత మాత్రాన లోపల నడిచే భాష ఒకటి కానక్కర్లేదు.

ఎస్ఎస్‌డీలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు భాషలున్నాయి. రెండు గాడులున్న సాటా ఎస్ఎస్‌డీ, ఎం కీ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది. ఆ స్లాట్‌కు సాటా తీగలు లేకపోతే బయోస్‌కు అది కనిపించదు. వైఫైలో ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 కార్డులు దీనికి చక్కటి ఉదాహరణ. చూడ్డానికి కవలలు. ఏఎక్స్200 పూర్తి కార్డు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తుంది. ఏఎక్స్201లో సగం పని ఇంటెల్ చిప్‌సెట్ లోపలే జరుగుతుంది. కాబట్టి ఏఎండీ లాప్‌టాప్‌లోనో, ఆ ఏర్పాటు లేని పాత ఇంటెల్ లాప్‌టాప్‌లోనో అది పనిచేయదు. దుకాణంలో అడగాల్సింది ‘వైఫై 6 కార్డు ఉందా’ అని కాదు, ఈ మోడల్ నంబరే.

కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని వైఫై కార్డును బయోస్‌లోనే తిరస్కరించేవి. పాత థింక్‌ప్యాడ్‌లలో 1802 అనే ఎర్రర్‌తో బూటే ఆగిపోయేది. రేడియో, యాంటెన్నా కలిపి తీసుకున్న అనుమతులు ఇందుకు చెప్పిన కారణం. పాత మోడల్‌కు కార్డు కొనే ముందు ఇది చూసుకోవాలి.

మందం సంగతి తక్కువమంది గమనిస్తారు. కొన్ని ఎస్ఎస్‌డీలకు చిప్‌లు రెండు వైపులా ఉంటాయి. పల్చటి లాప్‌టాప్‌లో అడుగు వైపు చిప్‌లు బోర్డుకు తగిలి, స్క్రూ బిగించేసరికి కార్డు విల్లులా వంగుతుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ వంపు సోల్డర్ అతుకులను లాగుతూ ఉంటుంది. అలాంటి లాప్‌టాప్‌కు ఒకే వైపు చిప్‌లున్న కార్డే తీసుకోవాలి. 2280 స్లాట్‌లో 2230 కార్డు పెట్టాల్సి వస్తే స్క్రూ స్తంభాన్ని కొత్త చోటుకు మార్చాలి, లేదా పొడవు పెంచే బ్రాకెట్ వాడాలి. టేపు వేసి వదిలేస్తే వేడికి జిగురు కరిగి కార్డు పైకి లేస్తుంది.

## ఎండాకాలం లెక్క

వేగం పెరిగేకొద్దీ వేడి పెరుగుతోంది. నాలుగు లేన్ల (డేటా దారుల) పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో సెకనుకు దాదాపు 4 గిగాబైట్లు మోసేది. నాలుగో తరంలో అది దాదాపు 8కి, ఐదో తరంలో దాదాపు 16కి చేరింది. కంట్రోలర్ చిప్ అంతా కలిపి వేలిగోరంత. చాలా ఎస్ఎస్‌డీలకు తయారీదారు రాసే పైపరిమితి 70 డిగ్రీల సెల్సియస్. ఆ దరిదాపులకు రాగానే కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇది లోపం కాదు, కాలిపోకుండా కాపాడుకునే పద్ధతి. కానీ పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ‘మొదట్లో బాగా వెళ్లింది, తర్వాత నత్తనడక’ అనే ఫిర్యాదుకు ఒక కారణం ఇదే.

లాప్‌టాప్ స్పెసిఫికేషన్ షీట్‌లో చుట్టూ గాలి ఎంత వేడి వరకు పర్వాలేదో కూడా రాస్తారు. చాలావాటికి అది 35 డిగ్రీలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయట 45 దాటే రోజున, ఏసీ లేని గదిలో ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. చల్లబరచడానికి ఫ్యాన్ లోపలికి లాగే గాలే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం పరిమితం.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. కంపెనీ బిగించిన ఎస్ఎస్‌డీ మీద మెత్తటి బూడిదరంగు ప్యాడ్, కొన్నిటికి పల్చటి రాగి రేకు ఉంటాయి. కార్డులోని వేడిని అడుగు మూతకో మెటల్ ఫ్రేముకో చేర్చేది అవే. పాత కార్డు తీసేటప్పుడు ప్యాడ్ దానికే అంటుకుని వెళ్లిపోతుంది. కొత్త కార్డు ఒంటరిగా, చుట్టూ నిలిచిపోయిన గాలిలో మిగిలిపోతుంది. ఆ ప్యాడ్‌ను జాగ్రత్తగా తీసి కొత్తదానికి వేయాలి, చినిగితే అదే మందం ఉన్న ప్యాడ్ కొని వేయాలి. మందం తక్కువైతే మూతకు అందదు. ఎక్కువైతే కార్డును నొక్కి వంచుతుంది. డెస్క్‌టాప్‌కు అమ్మే పెద్ద హీట్‌సింక్ లాప్‌టాప్‌లో పట్టదు.

## పోయేది కార్డు కాదు, ఫైళ్లు

కార్డు మార్పిడిలో డబ్బు నష్టం కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది డేటా. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది. ఆ సంగతి యజమానికి తెలియకపోవచ్చు. పాత ఎస్ఎస్‌డీ తీసి బయటి కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. హార్డ్‌వేర్ మార్పు వల్ల సొంత లాప్‌టాపే ఆ కీ అడగడమూ జరుగుతుంది. ఆ కీ లేకపోతే ఫైళ్లు లేనట్టే, ఏ దుకాణమూ తెరవలేదు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకోవాలి, బ్యాకప్ తీసుకోవాలి.

ఎస్‌డీ కార్డుల్లో ముప్పు వేరు. కాపీ అయిపోయిందని స్క్రీన్ మీద కనిపించినా లోపలి కంట్రోలర్ ఇంకా రాస్తూ ఉండొచ్చు. ఏ ఫైలు ఫ్లాష్ చిప్‌లో ఎక్కడుందో చెప్పే పట్టికను అది తిరగరాస్తున్న క్షణంలో కార్డు లాగితే, పోయేది ఆ ఒక్క ఫైలే కాకపోవచ్చు, పట్టికే చెదిరిపోవచ్చు. బయటి డ్రైవ్‌లను వెంటనే తీయడానికి వీలుగా విండోస్ 10 తన డిఫాల్ట్ సెట్టింగ్‌ను 1809 వెర్షన్‌లో మార్చింది. అయినా ‘ఎజెక్ట్’ నొక్కడం వృథా కాదు. ఎస్‌డీ కార్డు పక్కనున్న ‘లాక్’ మీట విషయంలోనూ అపోహ ఉంది. అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. కార్డు లోపలి దేనికీ దానితో సంబంధం లేదు. రీడర్ దాని స్థానం చూసి రాయడం మానుకోవాలి, రీడర్ పట్టించుకోకపోతే రాత జరిగిపోతుంది.

చవగ్గా దొరికే భారీ సామర్థ్యపు కార్డుల్లో కొన్ని, ఉన్నదానికన్నా ఎక్కువ సైజు చూపించేలా కంట్రోలర్‌ను మార్చినవి. నిండేదాకా మోసం తెలియదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు మొత్తం రాసి, తిరిగి చదివి నిజం చెప్పేస్తాయి. ముఖ్యమైన ఫొటోలు ఎక్కించే ముందే ఆ పరీక్ష చేయాలి.

## మెమరీలోకి నేరుగా వెళ్లే కార్డులు

ఇప్పటిదాకా చెప్పింది కార్డుకు జరిగే హాని. కార్డే చేసే హాని ఇంకొకటుంది. యూఎస్‌బీ పరికరం వాకిట్లో నిలబడి కావాల్సింది అడిగే అతిథి లాంటిదైతే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు నేరుగా వంటింట్లోకి వెళ్లి తీసుకునే ఇంటి మనిషి లాంటిది. ప్రాసెసర్‌ను అడక్కుండా మెమరీని చదవగలదు, రాయగలదు. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది, పేరు డీఎంఏ. లోపల స్క్రూతో బిగించిన కార్డుకు ఇది సమంజసమే. కానీ ఎక్స్‌ప్రెస్‌కార్డ్, 2011లో వచ్చిన థండర్‌బోల్ట్ పోర్టు అదే అధికారాన్ని బయటి సందుకూ తెచ్చాయి. లాక్ చేసి టేబుల్ మీద వదిలేసిన లాప్‌టాప్‌లోకి తయారుచేసుకుని తెచ్చిన కార్డు దూరిస్తే మెమరీలోని పాస్‌వర్డులు, ఎన్‌క్రిప్షన్ కీలు చేతికి చిక్కే వీలుంది.

ఇది ఊహ కాదు. 2019లో కేంబ్రిడ్జ్, రైస్ విశ్వవిద్యాలయాలు, ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ పరిశోధకులు థండర్‌క్లాప్ పేరుతో, 2020లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడు బ్యోర్న్ రోయ్‌టెన్‌బర్గ్ థండర్‌స్పై పేరుతో ఇలాంటి లోపాలను చూపించారు. దీనికి జవాబుగా ఏ పరికరం మెమరీలో ఏ భాగం వరకు వెళ్లవచ్చో హద్దు గీసే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్‌ను వాడుకోవడం మొదలైంది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ‘కెర్నల్ డీఎంఏ ప్రొటెక్షన్’ వచ్చింది. కానీ అందుకు లాప్‌టాప్ ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) కూడా సహకరించాలి. అందుకే అంతకు ముందు అమ్ముడైన మిషన్లకు విండోస్ అప్‌డేట్ ఒక్కటే చాలదు.

తమ లాప్‌టాప్‌లో ఈ రక్షణ ఉందో లేదో చూడటం తేలిక. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ‘కెర్నల్ డీఎంఏ ప్రొటెక్షన్’ అనే వరుస ఉంటుంది, ఆన్ అనో ఆఫ్ అనో రాసి ఉంటుంది. ఆఫ్ ఉంటే, వాడని ఎక్స్‌ప్రెస్‌కార్డ్, థండర్‌బోల్ట్ పోర్టులను బయోస్‌లో ఆపేయడం మంచిది. వాడాల్సిందే అయితే హాస్టల్ గదిలో, ఆఫీసులో, ప్రయాణంలో లాప్‌టాప్‌ను స్లీప్‌లో వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. మెమరీలో కరెంటు లేకపోతే చదవడానికి అక్కడ ఏమీ మిగలదు.

ఈ జాగ్రత్త పాత లాప్‌టాప్‌లతో ముగిసేది కాదు. 2018లో ప్రకటించిన ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం, కెమెరా కార్డు పట్టే చిన్న స్లాట్‌లోకి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను తెచ్చింది. మొదటి వెర్షన్‌లో వేగం సెకనుకు 985 మెగాబైట్ల వరకు. ఆ స్లాట్ ఉన్న మిషన్‌లో ఎవరో ఇచ్చిన మెమరీ కార్డు కూడా డీఎంఏ అడగగల పరికరమే. కొత్త లాప్‌టాప్ కొనేటప్పుడు ఆ స్లాట్ కనిపిస్తే, పైన చెప్పిన వరుస ఆన్‌లో ఉందో లేదో దుకాణంలోనే తెరిచి చూడటం మంచిది.